రేవు పేరే మిగిలింది

కరీబియన్ సముద్రంలో మార్టినిక్ అని ఒక చిన్న దీవి. విస్తీర్ణంలో మన పాత చిత్తూరు జిల్లాలో పదమూడో వంతుకు కూడా రాదు. పారిస్‌లో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి తన సెలవుల్లో నన్ను అక్కడికి తీసుకుపోయాడు. ఎనిమిది గంటలకు పైగా విమానంలో కూర్చుని అట్లాంటిక్ దాటినా దిగినచోట మళ్ళీ ఫ్రాన్సే! 1946లో చేసిన చట్టంతో ఆ దీవికి వలస అన్న పేరు పోయి, అది ఫ్రాన్సులో ఒక జిల్లా అయింది. పేరు మారినంత మాత్రాన సంబంధం మారిందా అన్నది వేరే ప్రశ్న. ఆ చట్టాన్ని ఫ్రెంచి చట్టసభలో ముందుండి నడిపించినవాడు కవి ఎమె సెజేర్. ఆయన దగ్గరికి మళ్ళీ వస్తాను.

రాజధాని ఫోర్ ద ఫ్రాన్స్. అక్కడ సముద్రపు ఒడ్డు వెంట ఒక నడకదారి ఉంది. దానికి ఒక పక్క లా సవాన్ అనే పెద్ద మైదానం, ఇంకో పక్క నీళ్ళలోకి చొచ్చుకుపోయిన సెయింట్ లూయీ కోట. ఎదుట అఖాతం, దానిమీద అవతలి ఒడ్డుకు పోయి వచ్చే చిన్న ఓడలు. సాయంత్రం పిల్లలు ఆడుకుంటుంటే ముసలివాళ్ళు గాలికి కూర్చుంటారు. 2022లో తిరుపతి జిల్లా ఏర్పడి సూళ్ళూరుపేట వచ్చి కలిసేదాకా మా జిల్లాకు సముద్రమే లేదు. అందుకేనేమో, అలల్ని చూస్తే నాకు కవిత్వం రాదు, ఇక్కడికి ఎవరు వచ్చారు, ఎందుకు వచ్చారు అన్న ప్రశ్నే వస్తుంది.

ఆ మైదానంలో ఒకప్పుడు నెపోలియన్ భార్య జోసెఫీన్ పాలరాతి విగ్రహం ఉండేది. ఆమె పుట్టింది అఖాతానికి అవతలి ఒడ్డున, ఒక చెరకు తోట యజమాని ఇంట్లో. 1802లో నెపోలియన్ బానిసత్వాన్ని తిరిగి నిలబెట్టడం వెనక ఆమె ప్రోద్బలం ఉందని దీవి ప్రజల నమ్మకం. 1859లో నిలిపిన ఆ విగ్రహానికి 1991లో ఎవరో తల కొట్టేశారు. తల లేకుండానే దాదాపు ముప్ఫై ఏళ్ళు నిలబడింది. 2020 జూలైలో ప్రదర్శనకారులు మొత్తం పడగొట్టారు. రాళ్ళమీద కోపం తీర్చుకుంటే చరిత్ర మారుతుందా అని పెద్దమనుషులు అడుగుతారు. ఆ రాయిని నిలిపిననాడు ఈ ప్రశ్న అడిగినవాళ్ళు ఎందరో!

నన్ను ఆపింది ఆ విగ్రహపు చోటు కాదు, మైదానం దగ్గర గుడ్డలు అమ్మే ఒక దుకాణం. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ గళ్ళ నూలుగుడ్డ. అమ్మే ఆమె తలకు చుట్టుకున్నదీ అదే. మా నగరి, పుత్తూరు మగ్గాలమీద నేసే లుంగీకి తోబుట్టువులా ఉంది. దీని పేరేమిటని అడిగించాను. "మద్రాస్" అంది ఆమె. ఊరు కాదు, గుడ్డ పేరే మద్రాస్. ఆ దీవిలో పండుగ దుస్తులంటే అవే, అది తమ సంప్రదాయమని వాళ్ళ గర్వం. ఆ గర్వం న్యాయమైనదే. కాని మద్రాసు రేవు ఒక్క పోగు కూడా నేయలేదు. నేసినవి దాని వెనక ఉన్న పల్లెలు. ఇలాంటి గళ్ళ రుమాళ్ళే మన పక్కనున్న పులికాట్ నుంచి కూడా ఎగుమతయ్యేవి. మెక్సికోలో ఈనాటికీ తలరుమాలును పాలియకాటె అంటారు. అదీ రేవు పేరే.

ఇందులో ఇంకో చేదు నిజం ఉంది. పద్దెనిమిదో శతాబ్దంలో ఐరోపా వర్తకులు పడమటి ఆఫ్రికా తీరంలో మనుషుల్ని కొనడానికి తీసుకుపోయిన సరుకుల్లో మన కోరమాండల్ తీరపు నూలుగుడ్డలు ముఖ్యమైనవి. పాండిచ్చేరి నీలిగుడ్డకు ఫ్రెంచివాళ్ళు పెట్టిన పేరు గినీ. గినీ అంటే ఆఫ్రికా తీరం. అంటే ఆ గుడ్డకు నేసిన ఊరి పేరు లేదు సరిగదా, బయలుదేరిన రేవు పేరు కూడా దక్కలేదు, అమ్ముడుపోయిన చోటి పేరు పెట్టారు. కూలి గిట్టక, వర్తకుడి బయానాకు కట్టుబడి మగ్గం గుంటలో కూర్చున్న నేతగాడికి తన గుడ్డ ఒక మనిషికి వెల అవుతుందని తెలిసే అవకాశం లేదు. వలస వ్యాపారం ఇద్దరు పేదవాళ్ళను ఒకరికొకరు కనబడకుండా ముడివేసింది.

1848లో మార్టినిక్‌లో బానిసత్వం రద్దయింది. స్వేచ్ఛ పొందినవాళ్ళు కూలి అడిగారు. కొందరు తోటలే వదిలిపోయారు. చెరకు తోటల యజమానులకు ఇది నచ్చలేదు. కూలి పెరగకుండా చూడాలంటే వేరేచోటి నుంచి మనుషుల్ని తేవాలి. 1853 మే నెలలో ఒరేలీ అనే ఓడ పాండిచ్చేరి వైపు నుంచి మొదటి ఒప్పంద కూలీలను తెచ్చి, ఆనాటి పెద్ద ఊరైన సెయింట్ పియెర్‌లో దింపింది. ఒప్పందం అయిదేళ్ళు. 1880ల దాకా సుమారు 25 వేలమంది వచ్చారు. పక్కనున్న గ్వాదలూప్‌కు 42 వేలకు పైగా పోయారు. వీళ్ళను ఓడ ఎక్కించిన పాండిచ్చేరి, కారైకాల్ ఫ్రెంచివే. కాని ఆ చిన్న ఫ్రెంచి ముక్కల్లో అంతమంది జనం ఎక్కడిది? చుట్టూ ఉన్న బ్రిటిషు జిల్లాల్లోంచి మేస్త్రీలు పోగుచేసిన జనమే ఎక్కువ. 1861లో రెండు ప్రభుత్వాలూ ఒడంబడిక చేసుకుని ఈ వ్యాపారానికి చట్టం ముసుగు వేశాయి. వచ్చినవాళ్ళలో తమిళులు ఎక్కువ, తెలుగువాళ్ళు తక్కువ. ఉత్తరార్కాటు జిల్లాకు అప్పుడు చిత్తూరే ముఖ్యపట్టణం. 1911లో గాని చిత్తూరు జిల్లా విడిగా ఏర్పడలేదు. రెండు భాషలూ కలిసి బతికిన ఆ నేలమీద ధాత కరువు వంటి కరువులు ఎలా నడిచిపోయాయో మనకు తెలుసు.

దిగగానే వాళ్ళందరూ కూలీలు. అంతకుముందు వాళ్ళకు కులాలు, భాషలు, ఇంటిపేర్లు ఉండేవి. నిన్నటి బానిసల దృష్టిలో వీళ్ళు తమ కూలి విరగ్గొట్టడానికి వచ్చినవాళ్ళు. తోట యజమానికి కావలసిందీ అదే.

ఇప్పుడు సెజేర్ సంగతి. 1913లో ఆయన పుట్టింది దీవి ఉత్తరాన బాస్ పాయింత్‌లో, దక్షిణ భారత కూలీలు ఎక్కువగా స్థిరపడిన తోటల మధ్య. 1939లో అచ్చయిన ఆయన దీర్ఘకవిత, పుట్టిన నేలకు తిరిగిరావడం గురించినది, ప్రపంచంలో అవమానం పొందినవాళ్ళందరితో తనను తాను పోల్చుకుంటుంది. ఆ వరుసలో హిందువు ఒకడున్నాడు. ఆఫ్రికా బిడ్డ, తమ కూలి విరిచాడనుకున్నవాణ్ణి తనవాడుగా చెప్పుకోవడం చిన్న విషయం కాదు. అభ్యుదయ సాహిత్యం అంటే ఇదే అని నేను తరగతిలో చెప్పేవాణ్ణి. కాని ఆ హిందువును ఆయన కలకత్తావాడన్నాడు. తన ఊళ్ళో చెరకు నరికినవాళ్ళు ఎక్కువగా దక్షిణాదివాళ్ళయినా, కవితలోకి వచ్చేసరికి పెద్ద రేవు పేరే వచ్చింది. సెయింట్ లూసియా దీవి కవి డెరెక్ వాల్కాట్ 1992లో తన నోబెల్ ఉపన్యాసాన్ని ట్రినిడాడ్‌లో ఫెలిసిటీ అనే పల్లెలో కూలీల వారసులు ఆడే రామలీలతో మొదలుపెట్టాడు. ఆయన పల్లె పేరే చెప్పాడు. అయితే అది చేరిన పల్లె, బయలుదేరిన పల్లె కాదు.

వాళ్ళను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. బయలుదేరిన పల్లె పేరు చెప్పవలసింది వాళ్ళు కాదు, మనం. సీమ కరువు మీద ఎన్నో కథలు రాసుకున్నాం. కరువుకు ఊరు విడిచినవాడు ఊరి పొలిమేర దాటాక ఏమయ్యాడో మన కథ అతని వెంట పోలేదు. రేవుదాకా కూడా పోలేదు.

మరునాటి సాయంత్రం నడకదారి పక్క బెంచీమీద ఒక ముసలాయన నన్ను చూసి జరిగి చోటిచ్చాడు. ముఖం మా వైపు ముఖమే. మా అబ్బాయి మధ్యలో కూర్చుని మాటలు అటూ ఇటూ చేరవేశాడు. ముత్తాత పాండిచ్చేరి నుంచి వచ్చాడట. పాండిచ్చేరిలో ఎక్కడ అంటే తెలియదు. ఇంట్లో మరియెమెన్‌ను కొలుస్తారట. మా మారెమ్మే. ఆ పూట తిన్నది కొలంబో అన్నాడు, అంటే మసాలా పులుసు. ఆ మాట తమిళుల కుళంబు నుంచే వచ్చిందని కొందరంటారు. కావచ్చు. పలకమీద మాత్రం సింహళ రేవు పేరులాగే రాస్తారు.

"మీ ఊరికి పాండిచ్చేరి ఎంత దూరం?" అని అడిగాడు. రెండువందల కిలోమీటర్లకు పైనే అన్నాను. "అప్పుడు ఎట్లా పోయేవాళ్ళు?" నడిచే పోయి ఉంటారన్నాను. ఆయన కాళ్ళ వైపు చూసుకున్నాడు. తర్వాత మా ఊళ్ళ పేర్లు కొన్ని చెప్పమన్నాడు. పాకాల, పలమనేరు, చంద్రగిరి, పుత్తూరు, నారాయణవనం. ఒక్కొక్కటే నాతోపాటు పలికాడు. పుత్తూరు దగ్గర ఆగి ఇంకోసారి చెప్పమన్నాడు. ఏమైనా గుర్తుకొచ్చిందేమో అడగమన్నాను. మా అబ్బాయి అడిగి, నవ్వి చెప్పాడు: "లేదంట నాయనా. పలకడానికి సులువుగా ఉందంట."