సాగరము దాచిన ఆరు ఫిరంగులు

యుద్ధమున శత్రువునకు చిక్కిన ఫిరంగులును, మునిగిన నావతో గూడ అడుగంటిన ఫిరంగులును చరిత్రమున పెక్కులు కలవు. తన యోడను బ్రతికించుకొనుటకై నావికుడే చేజేతుల కడలిపాలు చేసిన ఫిరంగులు మిక్కిలి యరుదు. (పరంగులు తెచ్చిన యాయుధమగుటచే మనవారు దానికి వారి పేరే పెట్టిరి.)

ఇంగ్లండులోని విట్‌బీ రేవున బొగ్గు మోయుటకై కట్టబడిన ఎండెవర్ అను నోడ జేమ్స్ కుక్కు నాయకత్వమున భూప్రదక్షిణమునకు వెడలినది. అది 1770 జూన్ 11 రాత్రి ఆస్ట్రేలియా తూర్పుతీరమున పగడపు దిబ్బ నెక్కి నిలిచిపోయెను. అది పోటు ముగియు వేళ. నీరు తీసిన కొలది ఓడ మరింత బిగిసెను. కుక్కు ఆలసింపక, రాళ్లు, ఇనుపముద్దలు, పీపాలు, చెడిన సంభారములతోబాటు ఆరు ఫిరంగులను నీట ద్రోయించెను. మొత్తము నలువది యేబది టన్నుల బరువు తగ్గినది. అయినను పగటి పోటు ఒకటిన్నర యడుగు చాలక పోయెను! మరునాటి రాత్రి పోటుకుగాని ఓడ తేలలేదు. ఆ ఫిరంగులు అక్కడనే యుండిపోయెను.

కుక్కు దినచర్యయందు పారవేసిన వస్తువుల పద్దును, దిబ్బ యున్న తావును వ్రాసి యుంచెను. ఆ వ్రాతయే తరువాతివారికి దారి చూపినది. 1969 జనవరిలో అమెరికాలోని ఫిలడెల్ఫియా ప్రకృతిశాస్త్ర పరిషత్తు పంపిన బృందము ఇనుమును పసిగట్టు అయస్కాంతమాపక యంత్రముతో వెదకి వానిని కనుగొన్నది. వ్రాసినవి ఆరు, దొరకినవి ఆరు. ఏ కరణమును ఇంతకంటె చక్కగా లెక్క యొప్పజెప్పజాలడు.

పైకి దీసినంతనే పని ముగియలేదు. అసలు కష్టమప్పుడే మొదలైనది. చిరకాలము ఉప్పునీట నానిన పోతయినుమునుండి ఇనుము కరగిపోయి పైపొరలో మెత్తని బొగ్గుసారము మిగులును. ఉప్పు లోపలికంట ఇంకియుండును. అట్టి ఫిరంగిని ఎండలో ఆరబెట్టినచో గాలి సోకి పెచ్చులు పెచ్చులుగా రాలి పాడగును. కడలి యిన్నాళ్లు కాపాడినదానిని గాలి కొలదికాలములో నాశము చేయును. తుడిచి నూనె రాచినంత మాత్రమున బాగుపడునని తలచువారు ఇది గమనింపవలెను.

అందుచే వానిని తడియారనీయక మెల్‌బోర్న్ నగరపు రక్షణశాఖ ప్రయోగశాలకు చేర్చిరి. దట్టముగా బట్టిన పగడపుపొరను సుత్తులతో మెల్లమెల్లగా విడగొట్టగా, క్రింద రెండవ జార్జి రాజముద్ర చెక్కుచెదరక కనబడెను. పిదప కాస్టిక్ సోడా కలిపిన నీటి తొట్టెలలో ముంచి విద్యుత్తును ప్రవహింపజేసి ఇనుమును పట్టిన ఉప్పును బయటికి లాగిరి. మరల మంచినీట కడిగి, ఆరబెట్టి, కరగిన మైనమున ముంచి గాలి చొరకుండ పూత పట్టించిరి. ఇది దినముల పని కాదు, నెలల పని.

బాగుచేసిన పిమ్మట వానిని పంచిపెట్టిరి. ఒకటి ఫిలడెల్ఫియాకును, ఒకటి ఇంగ్లండులోని గ్రీనిచ్ నౌకా ప్రదర్శనశాలకును, ఒకటి న్యూజిలాండునకును పోయెను. మూడు ఆస్ట్రేలియాకే దక్కెను. ఇంచుమించు రెండువందల యేండ్లు ఒక్క దిబ్బపై నున్నవానిని ఇట్లు విడదీయుట సమంజసమా యని సందేహింపవచ్చును. కాని వెదకినవారికిని, పోగొట్టుకొన్నవారికిని భాగము లేదనుటయు కష్టమే. ఆస్ట్రేలియాలోని మూడింట నొకటి, దెబ్బతిన్న ఎండెవర్‌ను ఒడ్డున కెక్కించి మరమ్మతు చేసిన నదీముఖముననే, కుక్‌టౌన్ పట్టణపు ప్రదర్శనశాలకు చేరినది.