ఖదీజా షా: స్పానిష్ టౌన్ నుంచి మాంచెస్టర్ వరకు ఒక జమైకా ఫుట్‌బాలర్ ప్రస్థానం

జమైకా అనగానే తెలుగు పాఠకులకు కోర్ట్నీ వాల్ష్, క్రిస్ గేల్, ఉసేన్ బోల్ట్ గుర్తుకు వస్తారు. ఆ ద్వీపదేశానికి ఫుట్‌బాల్‌లో అంతర్జాతీయ గుర్తింపు తెచ్చిన వారిలో ఖదీజా షా అగ్రగణ్యురాలు. అభిమానులు ఆమెను 'బన్నీ' షా అని పిలుస్తారు. ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ సిటీ మహిళల జట్టుకు ఆమె ప్రధాన స్ట్రైకర్‌గా సేవలందించారు. 2023–24 సీజన్‌లో విమెన్స్ సూపర్ లీగ్‌లో అత్యధిక గోల్స్ సాధించినవారికి లభించే 'గోల్డెన్ బూట్'ను అందుకున్నారు. జమైకా జాతీయ జట్ల చరిత్రలో, పురుషులను కూడా కలుపుకొని చూసినా, అత్యధిక గోల్స్ ఆమె పేరిటే ఉన్నాయి. అయితే ఆమె వృత్తి జీవితం దాదాపు అంతా స్వదేశానికి వెలుపలే సాగింది. ఇందుకు వ్యక్తిగత ఆకాంక్ష ఒక్కటే కారణం కాదు. జమైకాలో ఫుట్‌బాల్‌ను జీవనాధారంగా మలచుకోగల మార్గం మహిళలకు లేకపోవడం అంతకన్నా పెద్ద కారణం.

బాల్యం, కుటుంబం

షా 1997 జనవరి 31న స్పానిష్ టౌన్‌లో జన్మించారు. రాజధాని కింగ్‌స్టన్‌కు పశ్చిమాన, సెయింట్ కేథరిన్ పారిష్‌లో ఉన్న ఈ పట్టణం 1872 వరకు జమైకా రాజధానిగా ఉండేది. ఇటీవలి దశాబ్దాలలో మాత్రం ముఠా తగాదాల కారణంగానే తరచూ వార్తలలోకి వస్తోంది. షా తండ్రి చెప్పులు కుట్టేవారు, తల్లి కోళ్లు పెంచేవారు. 13 మంది సంతానమున్న ఆ ఇంట్లో క్యారెట్లంటే ప్రాణం పెట్టే ఈ అమ్మాయికి 'బన్నీ' అనే ముద్దుపేరు వచ్చింది. తరువాతి కాలంలో స్టేడియాలలో మారుమోగినదీ ఆ పేరే.

ఇంటి చుట్టుపక్కల వీధులలో అన్నలతోపాటు బంతి తన్నుతూ ఆమె ఆట నేర్చుకున్నారు. ఆడపిల్ల ఫుట్‌బాల్ ఆడడం తల్లికి మొదట ఇష్టం లేదు. చదువే దారి చూపుతుందన్నది ఆమె నమ్మకం. చివరకు ఆ రెండూ ఒకే దారిలో కలిశాయి. ఆటలో ప్రతిభ చూపి చదువుకు అవకాశం సంపాదించడమే షాకు దొరికిన మార్గం. పద్నాలుగేళ్లకే ఆమె జమైకా బాలికల జాతీయ జట్లలో స్థానం సంపాదించారు.

పరుగు వీరులకు ఉన్నది, ఫుట్‌బాలర్లకు లేనిది

షా ఎందుకు దేశం విడిచి వెళ్లవలసి వచ్చిందో తెలియాలంటే జమైకా అథ్లెటిక్స్‌ను చూడాలి. ఒకప్పుడు అక్కడి స్ప్రింటర్లు కూడా అమెరికా విశ్వవిద్యాలయాలకు వలస వెళ్లేవారు. ఆ పరిస్థితిని మార్చాలనే సంకల్పంతో 1999లో స్టీఫెన్ ఫ్రాన్సిస్ తదితరులు కింగ్‌స్టన్‌లో ఎంవీపీ ట్రాక్ క్లబ్‌ను స్థాపించారు. అసఫా పావెల్, షెల్లీ-ఆన్ ఫ్రేజర్-ప్రైస్ అక్కడే శిక్షణ పొంది ప్రపంచ విజేతలయ్యారు. ఉసేన్ బోల్ట్ సైతం స్వదేశంలోనే గ్లెన్ మిల్స్ వద్ద తర్ఫీదు పొందారు. ఏటా జరిగే 'చాంప్స్' పాఠశాల పోటీల నుంచి ఒలింపిక్ పతకం దాకా ఒక నిచ్చెన సొంత గడ్డపైనే సిద్ధమైంది.

మహిళల ఫుట్‌బాల్‌కు అటువంటి నిచ్చెన లేదు. వేతనాలిచ్చే వృత్తి లీగ్ లేదు. జాతీయ జట్టు మనుగడ సైతం నిధుల మీదే ఆధారపడింది. డబ్బు లేదన్న కారణంతో 2010 ప్రాంతంలో మహిళల సీనియర్ జట్టు కార్యకలాపాలను జమైకా ఫుట్‌బాల్ సమాఖ్య నిలిపివేసింది. 2014లో గాయకుడు బాబ్ మార్లే కుమార్తె సెడెల్లా మార్లే జట్టును ఆదుకునేందుకు ముందుకు వచ్చారు. జట్టుకు విరాళాలు కోరుతూ పాఠశాలలో ఇచ్చిన ఒక కరపత్రాన్ని ఆమె కుమారుడు ఇంటికి తీసుకురావడంతో ఈ సంగతి ఆమె దృష్టికి వచ్చింది. ఆ తర్వాత కూడా ఒకసారి జట్టు మూలన పడింది, మళ్లీ నిలదొక్కుకుంది. ఇలాంటి పరిస్థితులలో ప్రతిభ గల బాలికకు మిగిలే దారి ఒక్కటే. అమెరికాలో క్రీడా ఉపకార వేతనం సంపాదించడం.

అమెరికాలో చదువు, ఇంటి నుంచి చావు కబుర్లు

షా ఆ దారినే ఎంచుకున్నారు. ఈస్టర్న్ ఫ్లోరిడా స్టేట్ కాలేజీలో ఆడిన తరువాత 2017లో టెనెసీ విశ్వవిద్యాలయంలో చేరారు. 2018లో ఆ విశ్వవిద్యాలయం పోటీపడే సౌత్ ఈస్టర్న్ కాన్ఫరెన్స్‌లో ఉత్తమ అటాకింగ్ క్రీడాకారిణిగా ఎంపికయ్యారు. కమ్యూనికేషన్స్‌లో పట్టా పుచ్చుకొని, తమ కుటుంబంలో విశ్వవిద్యాలయ విద్య పూర్తి చేసిన తొలి వ్యక్తి అయ్యారు.

పరాయి దేశంలో గడిపిన ఆ సంవత్సరాలలోనే ఆమె కుటుంబాన్ని వరుస విషాదాలు చుట్టుముట్టాయి. నలుగురు సోదరులను ఆమె కోల్పోయారు. ముగ్గురు ముఠా హింసకు, ఒకరు రోడ్డు ప్రమాదానికి బలయ్యారు. తోబుట్టువుల పిల్లలలో ఇద్దరు సైతం మృతిచెందారు. దూరదేశంలో ఉన్న క్రీడాకారిణి జీవితంలో విజయాలు పత్రికలలో కనబడతాయి. ఇంటి నుంచి వచ్చే ఇటువంటి ఫోన్ కబుర్లు కనబడవు. ప్రతికూలతలను అధిగమించిన ఫుట్‌బాలర్‌కు బ్రిటిష్ పత్రిక 'ది గార్డియన్' ఏటా ఇచ్చే పురస్కారానికి 2018లో ఆమె ఎంపిక కావడానికి ఈ నేపథ్యమే కారణం.

తొలి కరీబియన్ జట్టు

2018 అక్టోబరులో అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో ప్రపంచ కప్ అర్హత కోసం పనామాతో జరిగిన మ్యాచ్ జమైకా ఫుట్‌బాల్ చరిత్రను మలుపు తిప్పింది. షా గోల్‌తో జమైకా ముందంజ వేసింది. అదనపు సమయం ముగిసేసరికి స్కోరు 2–2తో సమమైంది. పెనాల్టీ షూటౌట్‌లో జమైకా 4–2తో నెగ్గింది. దీంతో మహిళల ప్రపంచ కప్‌కు అర్హత సాధించిన తొలి కరీబియన్ దేశంగా నిలిచింది.

2019లో ఫ్రాన్స్ ఆతిథ్యమిచ్చిన ప్రపంచ కప్‌లో 'రెగె గర్ల్జ్'గా పేరొందిన ఈ జట్టు మూడు మ్యాచ్‌లలోనూ ఓడింది. బ్రెజిల్ 3–0తో, ఇటలీ 5–0తో, ఆస్ట్రేలియా 4–1తో గెలిచాయి. ఆస్ట్రేలియాపై హవానా సొలాన్ సాధించిన గోల్ మహిళల ప్రపంచ కప్‌లో జమైకాకు తొలి గోల్. ఆ గోల్‌కు బంతి అందించినది షా. టోర్నీ ముగిశాక కొద్ది నెలలకే, బకాయిలు చెల్లించేవరకు ఆడబోమని క్రీడాకారిణులు ప్రకటించారు. వారికి షా బహిరంగంగా గొంతు కలిపారు.

బోర్డోలో నిరూపణ

ప్రపంచ కప్ తర్వాత షా ఫ్రాన్స్‌లోనే బోర్డో క్లబ్‌లో చేరి తొలిసారి వృత్తి ఫుట్‌బాల్‌లో అడుగుపెట్టారు. ఫ్రెంచ్ మహిళల లీగ్‌లో అప్పటికి లియోన్, పారిస్ సెయింట్ జెర్మెన్ జట్లదే ఆధిపత్యం. అటువంటి లీగ్‌లో ఆ రెండు జట్లకూ చెందని క్రీడాకారిణిగా 2020–21 సీజన్‌లో షా 22 గోల్స్‌తో అగ్రస్థానంలో నిలిచారు. బోర్డో మూడో స్థానం పొంది ఛాంపియన్స్ లీగ్‌లో ప్రవేశించే అర్హత సంపాదించింది. చుట్టూ తారలున్న జట్టులో గోల్స్ చేయడం ఒక ఎత్తు, అంతటి బలగం లేని జట్టును భుజాన మోయడం మరొక ఎత్తు. షా రెండవది చేసి చూపడంతో ఐరోపా అగ్రశ్రేణి క్లబ్‌ల దృష్టి ఆమెపై పడింది.

మాంచెస్టర్ సిటీలో

2021 జూన్‌లో మాంచెస్టర్ సిటీ ఆమెతో మూడేళ్ల ఒప్పందం కుదుర్చుకుంది. తొలి సీజన్‌లోనే జట్టు లీగ్ కప్‌ను గెలుచుకుంది. ఇంగ్లండ్ దిగ్గజ స్ట్రైకర్ ఎలెన్ వైట్ 2022 ఆగస్టులో రిటైరయ్యాక దాడి భారం పూర్తిగా షాపై పడింది. 2022–23 లీగ్‌లో ఆమె 20 గోల్స్ సాధించారు. 22 గోల్స్ చేసిన ఆస్టన్ విల్లా క్రీడాకారిణి రేచెల్ డేలీ తర్వాత రెండో స్థానం ఆమెదే.

పొడగరి కావడంతో గాలిలో వచ్చే బంతులపై షాకు పట్టు ఎక్కువ. అంతమాత్రాన ఆమెను కేవలం తలతో గోల్స్ చేసే స్ట్రైకర్‌గా లెక్కగట్టలేం. డిఫెండర్‌ను వీపుతో నిలువరించి బంతిని అదుపులో ఉంచుకోవడం, సహచరులు ముందుకు వచ్చేదాకా ఆగి పాస్ ఇవ్వడం, రెండు కాళ్లతోనూ షాట్ కొట్టగలగడం ఆమె బలాలు. మైదానం అంచుల నుంచి లారెన్ హెంప్, క్లోయీ కెల్లీ వంటివారు పంపే క్రాస్‌లు ఈ బలాలకు అతికినట్లు సరిపోయాయి.

2023–24 సీజన్ ఆమె ప్రస్థానంలో శిఖరం. 18 లీగ్ మ్యాచ్‌లలో 21 గోల్స్ చేసి గోల్డెన్ బూట్ గెలుచుకున్నారు. ఆ సీజన్‌లోనే సిటీ మహిళల జట్టు తరఫున అత్యధిక గోల్స్ చేసిన క్రీడాకారిణి అయ్యారు. లీగ్ ఉత్తమ క్రీడాకారిణి పురస్కారంతోపాటు ఫుట్‌బాల్ రచయితల సంఘం అవార్డు, సాటి క్రీడాకారిణుల ఓటుతో ఇచ్చే పీఎఫ్‌ఏ అవార్డు కూడా ఆమెనే వరించాయి.

కానీ అసలు ట్రోఫీ చేజారింది. ఏప్రిల్ నెలాఖరులో బ్రిస్టల్ సిటీతో మ్యాచ్ తర్వాత పాదం గాయంతో ఆమె మిగిలిన సీజన్‌కు దూరమయ్యారు. ఆమె లేకుండా ఆర్సెనల్‌తో తలపడిన సిటీ, 89వ నిమిషం వరకు ఆధిక్యంలో ఉండి చివరకు 1–2తో ఓడింది. లీగ్ ముగిసేసరికి చెల్సీ, సిటీ రెండింటికీ 55 పాయింట్లే. గోల్ వ్యత్యాసంతో టైటిల్ చెల్సీ వశమైంది. షా ఆ చివరి మ్యాచ్‌లలో ఆడి ఉంటే ఫలితం మారేదా అన్న చర్చ ఇంగ్లండ్‌లో చాలాకాలం సాగింది.

2024–25లో గాయాల నడుమ కూడా ఆమె 12 గోల్స్ చేసి, ఆర్సెనల్ క్రీడాకారిణి అలెసియా రూసోతో కలిసి గోల్డెన్ బూట్ పంచుకున్నారు. ఆ సీజన్‌లోనే, 2025 ఫిబ్రవరిలో, ఆమెపై ఆన్‌లైన్‌లో జాతివివక్ష, మహిళా ద్వేషంతో కూడిన దూషణలు వెల్లువెత్తాయి. క్లబ్ వాటిని తీవ్రంగా ఖండించింది. ఎంత ఎత్తుకు ఎదిగినా పరాయి గడ్డపై నల్లజాతి క్రీడాకారిణి చెల్లించే మూల్యం ఒకటి ఉంటుందని ఈ ఘటన గుర్తుచేసింది.

దేశం కోసం

క్లబ్‌లో ఆధునిక వసతులు, జాతీయ జట్టులో మౌలిక సదుపాయాల కోసం పోరాటం. ఈ రెండు ప్రపంచాల మధ్య షా తిరుగుతూనే ఉన్నారు. 2022 జులైలో మెక్సికోలో జరిగిన కాంకకాఫ్ టోర్నీలో ఆతిథ్య జట్టును జమైకా 1–0తో ఓడించింది. ఆ గోల్ షాదే. ఆ టోర్నీలోనే జమైకాకు వరుసగా రెండోసారి ప్రపంచ కప్ బెర్త్ ఖాయమైంది.

2023 ప్రపంచ కప్‌కు కొద్ది వారాల ముందు క్రీడాకారిణులు సమాఖ్యకు బహిరంగ లేఖ రాశారు. ప్రయాణ ఏర్పాట్లు, వసతి, శిక్షణ, పోషకాహారం, వేతనాలలో లోపాలను అందులో ఏకరువు పెట్టారు. మరోవైపు జట్టు ఖర్చుల కోసం ఆన్‌లైన్‌లో ప్రజల నుంచి విరాళాలు సేకరించవలసి వచ్చింది. అలా బయలుదేరిన జట్టు సిడ్నీలో ఫ్రాన్స్‌ను 0–0తో నిలువరించింది. ఆ మ్యాచ్ చివరి క్షణాలలో రెండో పసుపు కార్డుతో షా మైదానం వీడారు. సస్పెన్షన్ వల్ల ఆమె ఆడని రెండో మ్యాచ్‌లో అలిసన్ స్వాబీ గోల్‌తో జమైకా 1–0తో పనామాపై గెలిచింది. ప్రపంచ కప్‌లో వారికిదే తొలి విజయం. మెల్‌బోర్న్‌లో షా తిరిగి జట్టులోకి రాగా, బ్రెజిల్‌తో మ్యాచ్ 0–0తో ముగిసింది. బ్రెజిల్ దిగ్గజం మార్తాకు అదే చివరి ప్రపంచ కప్ మ్యాచ్.

గ్రూప్ దశలో ఒక్క గోల్ కూడా సమర్పించుకోని జమైకా, మహిళల ప్రపంచ కప్ నాకౌట్‌కు చేరిన తొలి కరీబియన్ జట్టు అయింది. అక్కడ కొలంబియా 1–0తో గెలిచి దాని ప్రయాణాన్ని ముగించింది. షా ఆ టోర్నీలో గోల్ చేయలేదు. అయినా ఆమె కోసం ప్రత్యర్థులు ఒకరికి ఇద్దరు డిఫెండర్లను కేటాయించవలసి రావడం జమైకాకు ఊపిరి తీసుకునే వీలు కల్పించింది.

ఆ విజయం కూడా వివాదాలకు తెర దించలేదు. ప్రపంచ కప్ బోనస్‌లు పూర్తిగా అందలేదని ఆరోపిస్తూ 2023 అక్టోబరులో ప్రధాన క్రీడాకారిణులు అంతర్జాతీయ మ్యాచ్‌లను బహిష్కరించారు. సమాఖ్య మరో జట్టును బరిలోకి దింపవలసి వచ్చింది.

రికార్డు, దాని అర్థం

జమైకా పురుషుల జట్టు తరఫున ల్యూటన్ షెల్టన్ చేసిన 35 గోల్స్ రికార్డును షా ఎప్పుడో దాటారు. క్లబ్‌ల మధ్య ఏడాది పొడవునా పోటీపడుతూ, అంతర్జాతీయ విరామాలలో మాత్రమే దేశం కోసం ఆడుతూ, తరచూ సమాఖ్యతో వివాదాల నడుమ ఆమె ఈ రికార్డు నెలకొల్పారు.

షా అమెరికా వెళ్లిన నాటికి జమైకా మహిళల జట్టు ఉంటుందో ఊడుతుందో తెలియని స్థితి. ఆమె తరం ఆటతో ఆ జట్టు రెండు ప్రపంచ కప్‌లు ఆడింది. ఆమె దాటిన మొదటి మజిలీ మాత్రం ఇంకా మారలేదు. స్పానిష్ టౌన్‌లో నేడు బంతి తన్నుతున్న బాలిక వృత్తి ఫుట్‌బాలర్ కావాలనుకుంటే ఆమెకూ ముందుగా కనిపించేది విమానాశ్రయమే. స్ప్రింటర్ల కోసం కింగ్‌స్టన్‌లో 1999లో మొదలైన ప్రయత్నం వంటిది ఫుట్‌బాల్‌లోనూ జరిగితే తప్ప, తదుపరి షా కూడా తన ఉత్తమ సంవత్సరాలను మరో దేశపు లీగ్‌కే అర్పించవలసి ఉంటుంది.