పెరాలియలో ఆగిన రైలు

2004 డిసెంబర్ 26 అనగానే మనవాళ్ళు మెరీనా, నాగపట్టణం అంటారు. రైల్వేలో పనిచేసిన మాకు శ్రీలంకలోని పెరాలియ గుర్తొస్తుందండి. కొలంబో నుంచి దక్షిణానికి పోతున్న రైలు మొదటి అల నీళ్ళకు అక్కడ ఆగిపోయింది. ఊరివాళ్ళు పిల్లలను పెట్టెల్లోకి ఎక్కించారు. అంత బరువైన ఇనుప పెట్టె కదా, మేమైనా అదే చేసేవాళ్ళం. కాసేపటికి అంతకన్నా పెద్ద అల వచ్చి పెట్టెలను దొర్లించేసింది. వెయ్యి మందికి పైగా పోయారు.

పడిపోయిన పెట్టెలను మాత్రం చూస్తే ఒకే అల అనుకుంటాము. ఆపింది ఒకటి, చంపింది ఇంకొకటి అని బతికి బయటపడ్డవాళ్ళు చెప్పారు.

మన సంఘంలోనూ ఆ పొద్దు మెరీనాలో ఉన్నవాళ్ళు ఉంటారు. నీళ్ళు వెనక్కి పోయాయని చెప్పులకో, బండికో మళ్ళీ దిగారా? రెండోది ఎంతసేపటికి వచ్చింది? చెప్పండి, రాసిపెడతాము.