ఉమ్మెత్త పిండానికి కొబ్బరినీళ్లు

మొక్కల్ని గాజుసీసాలో పెంచే విద్య ఒకచోట గట్టిగా ఇరుక్కుపోతే, దారి చూపించింది మన కొబ్బరినీళ్లే. 1941లో అమెరికాలో వాన్ ఓవర్‌బీక్, మేరీ కాంక్లిన్, ఆల్బర్ట్ బ్లేక్స్‌లీ అనే శాస్త్రవేత్తలు ఉమ్మెత్త కాయలోంచి కంటికి ఆనీ ఆనని లేత పిండాలను తీసి బయట పెంచాలని చూశారు. చక్కెర, లవణాలు, విటమిన్లు అన్నీ అందించినా అవి ఎదగలేదు. కొబ్బరినీళ్లు కలిపాక ఎదిగాయి. ఇది చదివినప్పటి నుంచీ బొండాం చేతికి తీసుకుంటే నాకు ఉమ్మెత్తే గుర్తొస్తోంది.

ఇందులో మాయ ఏమీ లేదు. కొబ్బరినీళ్లు మన దాహం కోసం పుట్టినవి కావు. కాయలో నిద్రపోతున్న పిండం కోసం తల్లిచెట్టు దాచిన ఆహారం అది. ఒక చెట్టు తన బిడ్డకని దాచింది, ఏ చుట్టరికమూ లేని ఇంకో మొక్క బిడ్డను బతికించింది.

కొమ్మ నుంచి చెట్టును తీయడం మనవాళ్లకు కొత్త కాదు. ఆరో శతాబ్దంలోనే వరాహమిహిరుడు బృహత్సంహితలో, వృక్షాయుర్వేద ప్రకరణంలో, కొమ్మలకు పేడ పూసి నాటే పద్ధతి రాశాడు. పిలకతో అరటి, అంటుతో మామిడి తరతరాలుగా సాగుతూనే ఉన్నాయి. అయితే కొమ్మ దాకా ఎందుకు, ఒక్క కణం చాలదా అని గట్టిగా అడిగినవాడు గాట్‌లీబ్ హాబర్‌లాండ్ట్. 1902లో ఆయన ఆకుల నుంచి కణాలను విడదీసి పోషకద్రవంలో ఉంచాడు. అవి కొన్ని వారాలు బతికాయి, కాస్త ఉబ్బాయి, ఒక్కటీ రెండుగా చీలలేదు. 1934లో ఫిలిప్ వైట్ టమాటా వేళ్లను తల్లిమొక్క లేకుండా పెంచగలిగాడు. 1939 నాటికి క్యారెట్, పొగాకు కణజాలాలు కూడా సీసాల్లో ముద్దలుగా పెరగసాగాయి. కానీ ఆ ముద్ద నుంచి చిగురు రప్పించే కీలకం దొరకలేదు.

అది దొరికిన కథంటే నాకు ప్రాణం. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఫోక్ స్కూగ్ బృందం పొగాకు కాండం లోపలి మెత్తని దూటను పెంచుతోంది. కణాలు ఉబ్బుతున్నాయి తప్ప చీలడం లేదు. కొబ్బరినీళ్లు పోస్తే చీలుతున్నాయి. వాటిలో ఏముందో వేరుచేయడం కష్టమైంది. అప్పుడు కార్లోస్ మిల్లర్ చేతికి హెర్రింగ్ అనే సముద్రచేప వీర్యం నుంచి తీసిన డీఎన్ఏ పాత సీసా ఒకటి దొరికింది. అది వేయగానే కణాలు చకచకా చీలాయి. అది అయిపోయాక కొత్త సీసా తెప్పిస్తే ఫలితం సున్నా. మరొకరైతే పాత ఫలితమే పొరపాటని వదిలేసేవారు. వీళ్లు వదల్లేదు. కొత్త డీఎన్ఏను ఆవిరి ఒత్తిడిలో ఉడికించి చూశారు, పనిచేసింది! డీఎన్ఏ చెడిపోయినప్పుడు పుట్టే పదార్థమే మందన్నమాట. 1955లో దాన్ని వేరుచేసి కైనెటిన్ అని పేరు పెట్టారు. కొబ్బరినీళ్లలోనూ దాని కుటుంబానికి చెందిన రసాయనం ఉందని తర్వాత తేలింది.

1957లో స్కూగ్, మిల్లర్ అసలు సూత్రం చెప్పారు: ఆక్సిన్ అనే మొక్కల హార్మోన్ ఎక్కువైతే వేళ్లు, కైనెటిన్ ఎక్కువైతే చిగుళ్లు, రెండూ సమంగా ఉంటే ముద్ద. మరుసటి ఏడాది కార్నెల్ విశ్వవిద్యాలయంలో స్టీవార్డ్ అనే శాస్త్రవేత్త కొబ్బరినీళ్ల సాయంతోనే క్యారెట్ కణాల నుంచి మొక్కలు తీసి, హాబర్‌లాండ్ట్ కల నిజం చేశాడు. 1962లో మురాషిగె, స్కూగ్ తయారుచేసిన పోషక మిశ్రమం ఎమ్మెస్ మీడియం పేరుతో నేటికీ ఈ పని చేసే ల్యాబ్‌లలో విరివిగా వాడుకలో ఉంది.

ఉమ్మెత్త మళ్లీ 1964లో, ఈసారి మన దేశంలో, వార్తకెక్కింది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో శిప్రా గుహ, ఎస్.సి. మహేశ్వరి ఉమ్మెత్త పూల పరాగకోశాల నుంచి సగం క్రోమోజోములే ఉన్న మొక్కలను పుట్టించారు. మేలైన వంగడాల తయారీలో ఏళ్ల పని తగ్గించే దారి అది. ఈ పేర్లు మన పాఠ్యపుస్తకాల్లో పెద్దక్షరాల్లో ఉండాల్సినవి. ఔషధాలకూ ఇదే విద్య అక్కరకొచ్చింది. క్యాన్సర్ మందు పాక్లిటాక్సెల్ కోసం ఒకప్పుడు యూ చెట్ల బెరడు ఒలిచేవారు. ఇప్పుడు ఆ చెట్టు కణాలనే తొట్లలో పెంచి మందు తీస్తున్నారు.

మన దగ్గరికొస్తే, అనంతపురం, కడప తోటల్లోని జి-9 అరటి ఈ విద్య బిడ్డే. పిలకను పొరపొరగా చెక్కి, నడిమి మొగ్గను క్రిమిరహితం చేసి, మంటలో కాల్చిన పట్టకారుతో సీసాలోకి దింపుతారు. అది గుత్తులుగా చిగురిస్తే విడదీసి మళ్లీ పెడతారు. చివరికి వేళ్లు తెప్పించి, షేడ్‌నెట్ కింద ఎండకూ గాలికీ అలవాటు చేసి రైతుకిస్తారు. మొక్కలన్నీ ఒకే ఈడువి కాబట్టి గెలలు ఇంచుమించు ఒకేసారి కోతకొస్తాయి. రైతుకు ఇది నిజమైన మేలు.

పోగొట్టుకున్నదీ ఉంది. పక్క తోట నుంచి పిలక తెచ్చి నాటుకున్న కాలంలో ఊరికో రుచి ఉండేది. పనామా తెగులుకు ఇట్టే లొంగే అమృతపాణి ఇప్పుడు వెతుక్కోవాల్సిన పండైంది. లక్షల మొక్కలు ఒకే అచ్చులో పోస్తే రేపు ఒక్క తెగులు చాలు, తోటలన్నీ తుడిచిపెట్టడానికి. ప్రపంచమంతా ఎగుమతైన గ్రో మిషెల్ అరటి ఎగుమతి తోటల నుంచి అలాగే పోయింది. ఇందులో తప్పు సీసాది కాదు, సీసాలో ఒక్క రకాన్నే పెడుతున్న మనది.

కాబట్టి నర్సరీలకూ, ఉద్యాన విశ్వవిద్యాలయానికీ నా విన్నపం ఒక్కటే: జి-9 పక్కన అమృతపాణికీ, కర్పూర చక్కెరకేళికీ ఒక అర ఇవ్వండి. రైతులారా, మొక్కల కోసం వెళ్లినప్పుడు ఆ పేర్లు అడగండి. అడిగేవాళ్లుంటేనే పెంచేవాళ్లుంటారు.