చార్నొకైట్ థిన్ సెక్షన్ల ఛాయాచిత్రణ

చెన్నై దక్షిణ భాగంలోని సెయింట్ థామస్ మౌంట్, పల్లావరం కొండల రాయి చార్నొకైట్. దాన్ని వెలుగు దూరేంత పలుచగా అరగదీసి, ధ్రువణ సూక్ష్మదర్శిని కింద ఫొటోలు తీసి అందులోని ఖనిజాలను గుర్తిస్తారు. అంగారకుడి నుంచి వచ్చి పడిన ఉల్కలనూ ఇదే పద్ధతిలో చదువుతారు.

ఈ శిలకు పేరు తెచ్చింది ఒక సమాధి రాయి. కలకత్తా సెయింట్ జాన్స్ చర్చి ఆవరణలోని జాబ్ చార్నాక్ సమాధి ఫలకం మద్రాసు ప్రాంతపు రాయే. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన థామస్ హాలండ్ 1893లో దాని శిలాలక్షణాలను వివరించి, చార్నాక్ పేరే శిలకు పెట్టాడు. 1900లో దక్షిణ భారతంలోని ఈ శిలా కుటుంబంపై విస్తృత గ్రంథం వెలువరించాడు. తూర్పు కనుమల్లో, విశాఖ పరిసరాల్లో చార్నొకైట్ ఖోండలైట్ అనే మరో శిలతో కలిసి కనిపిస్తుంది.

ఇలా పలుచగా అరగదీసిన రాతి పొరే థిన్ సెక్షన్; దాని మందం 0.03 మిల్లీమీటర్లు. వజ్రపు రంపంతో కోసిన రాతి పలకను గాజు స్లైడుకు రెజిన్‌తో అతికించి, రాపిడి పొడితో ఆ మందం వచ్చేదాకా అరగదీస్తారు. ఇక్కడ కొలబద్ద క్వార్ట్జే. రెండు ధ్రువణకాలను అడ్డంగా ఉంచి చూసినప్పుడు అది బూడిద లేదా తెలుపు రంగులో ఉంటే మందం సరిపోయినట్టు. స్పష్టమైన పసుపులోకి మారితే ఇంకా అరగదీయాలి. మందం తప్పితే ఖనిజాల రంగులన్నీ తప్పుతాయి, ఫొటో ఎంత అందంగా వచ్చినా సాక్ష్యంగా పనికిరాదు.

చార్నొకైట్‌కు గుర్తు హైపర్‌స్తీన్ అనే ఆర్థోపైరాక్సీన్. 1988 నాటి నామకరణ నియమాల్లో హైపర్‌స్తీన్‌కు చోటు లేకపోయినా పాత గ్రంథాలు చదివేవారికి ఆ పేరు తెలియక తప్పదు. ఒకే ధ్రువణకం ఉన్న వెలుగులో సూక్ష్మదర్శిని వేదికను తిప్పుతుంటే ఈ ఖనిజం లేత గులాబీ నుంచి లేత ఆకుపచ్చకు మారుతుంది. ఒక్క ఫొటోలో ఒక్క రంగే దొరుకుతుంది కనుక, అదే చోటును వేదిక 90 డిగ్రీలు తిప్పి మరొకసారి తీయాలి. ఆ తర్వాత రెండో ధ్రువణకాన్ని అడ్డంగా చేర్చి మూడో ఫొటో తీస్తారు. అప్పుడు ప్లాజియోక్లేజ్‌లో సన్నని సమాంతర చారలు, మైక్రోక్లైన్‌లో గళ్లు తేలతాయి. ఇనుప ఖనిజం రెండు వెలుగుల్లోనూ నల్లగానే ఉంటుంది.

కెమెరా ఎక్స్‌పోజర్‌నూ వైట్ బ్యాలెన్స్‌నూ స్వయంచాలకంగా వదిలేయడం ఈ పనిలో పెద్ద పొరపాటు. ఫ్రేము మారినప్పుడల్లా రంగు సర్దుబాటైపోతే గులాబీ, ఆకుపచ్చల తేడా చెదిరిపోతుంది. వాటిని ఒకచోట స్థిరపరచి, ప్రతి చిత్రంపైనా కొలత గీతనూ, ఎలాంటి వెలుగులో తీశారో ఆ వివరాన్నీ చేర్చాలి.

ఉల్కల దగ్గర ఈ జాగ్రత్త మరింత విలువైనది, ఎందుకంటే అరగదీయడానికి ఉన్న రాయే కొంచెం. 1865 ఆగస్టు 25న బీహార్‌లోని షెర్గాటీలో సుమారు 5 కిలోల ఉల్క పడింది. అది అంగారకుడి శిలల్లో షెర్గొటైట్ వర్గానికి పేరిచ్చింది. ఈ వర్గపు మరో ఉల్కలో చిక్కుకున్న వాయువులు 1976లో వైకింగ్ నౌకలు కొలిచిన అంగారక వాతావరణంతో సరిపోతాయని 1980లలో తేలింది. షెర్గాటీలోని పిజియొనైట్, ఆజైట్ కూడా పైరాక్సీన్లే. అయితే రెండు ధ్రువణకాల మధ్య హైపర్‌స్తీన్ తన పొడవు సూక్ష్మదర్శినిలో కనిపించే అడ్డుతీగకు సమాంతరంగా వచ్చినప్పుడు చీకటి పడుతుంది. పిజియొనైట్, ఆజైట్ చాలా కోతల్లో వాలుగా ఉన్నప్పుడే చీకటి పడతాయి. వేదికను తిప్పి చూస్తేనే ఈ భేదం తెలుస్తుంది.

అసలు విశేషం ఫెల్డ్‌స్పార్‌లో ఉంది. పల్లావరం రాతిలో ఆ వర్గపు ప్లాజియోక్లేజ్, వేదిక తిరుగుతుంటే వెలుగుతూ, ఆరుతూ ఉంటుంది. షెర్గాటీలో మాత్రం దాని స్థానంలోని పదార్థం, రెండు ధ్రువణకాల మధ్య ఎటు తిప్పినా నల్లగానే ఉంటుంది. 1872లో ఖనిజ శాస్త్రవేత్త గుస్టాఫ్ చెర్మాక్ దాన్ని వర్ణించి మాస్కెలినైట్ అని పేరు పెట్టాడు. మరో ఖగోళ శిల గ్రహాన్ని ఢీకొన్నప్పటి ఘాతానికి స్ఫటిక క్రమం కోల్పోయిన ప్లాజియోక్లేజే అది. ఒకే ధ్రువణకం కింద ఆ గింజ రంగులేకుండా, స్ఫటికపు ఆకారం నిలుపుకొనే ఉంటుంది కాబట్టి, ఆ రెండు ఫొటోలూ పక్కపక్కన లేకుండా దాన్ని చూపలేం.