పడవలో సామగ్రి, ఊళ్లో ఆయుధం

1611 ఆగస్టులో 'గ్లోబ్' అనే ఇంగ్లీషు ఓడ రేపల్లె దిగువన నిజాంపట్నం తీరానికి వచ్చింది. అంతకు ఐదేళ్ల ముందే డచ్చివాళ్లు అక్కడ వర్తకస్థావరం పెట్టుకున్నారు. ఆ రోజుల్లో ఓడ ఇసుక మేటల్లో చిక్కుకుంటే నిమిషానికోసారి ఫిరంగి పేల్చేవారు, లేదంటే తారు పీపా తగలబెట్టేవారు. చిత్రం ఏమిటంటే, ఆ రెండూ అంతర్జాతీయ సముద్ర నియమాల్లో ఆపద సంకేతాలుగా ఇప్పటికీ ఉన్నాయి!

రంగుల మంట తర్వాత వచ్చింది. చనిపోయిన భర్త నోటుపుస్తకంలో సగంలో ఆగిన ఆలోచనను పట్టుకుని, అమెరికాలో మార్తా కాస్టన్ ఏళ్ల తరబడి కష్టపడి 1859లో పేటెంటు సాధించింది. కాగితం మీద మాత్రం కనిపెట్టినవాడిగా భర్త పేరే పడింది. 1877లో అమెరికా నౌకాదళ అధికారి ఎడ్వర్డ్ వెరీ ఆ వెలుగును పిస్తోలుకెక్కించాడు.

చిక్కంతా ఆ పిస్తోలుతోనే. మన 1959 ఆయుధాల చట్టం ప్రకారం, పేలుడు శక్తితో ఏ వస్తువునైనా దూరంగా విసరడానికి చేసిన ఆయుధం తుపాకీ కిందికే వస్తుంది. 'ఇందులో గుండు లేదండీ, ఉన్నది వెలుగే' అంటే చెల్లదు. అదే చట్టంలోని 45వ సెక్షన్ ఒక వెసులుబాటు ఇచ్చింది: సముద్రంలో తిరిగే నౌకలోనో విమానంలోనో మామూలు సామగ్రిగా ఉన్నవాటికి ఈ చట్టం వర్తించదు. అదే పిస్తోలును సంచిలో వేసుకుని తెనాలి బజారుకు వస్తే, ఆ మినహాయింపు రేవులోనే ఉండిపోతుంది. ఇక లోపలి మందు సంగతి 2008 పేలుడు పదార్థాల నిబంధనలు చూసుకుంటాయి.

తెనాలికి మరో ఎర్ర మంటతో పరిచయముంది. 1899లో ఊరి మీదుగా మద్రాసు-బెజవాడ లైను పడింది. జంట లైన్ల మీద బోగీ పట్టాలు తప్పి పక్క లైనుకు అడ్డం పడితే, ఎదురుగా వచ్చే బండిని ఆపడానికి రైలు సిబ్బంది ఫ్యూజీ అనే మంట కడ్డీ వెలిగిస్తారు. అంతటితో అయిపోదు. 600 మీటర్ల దగ్గర పట్టా మీద ఒక డిటోనేటరు, 1200 మీటర్ల దగ్గర పదేసి మీటర్ల ఎడంతో మూడు పెట్టాలి. చీకట్లో, కంకర మీద, పరుగున!

మళ్లీ సముద్రం మీదికొస్తే, నిజాంపట్నం బోటుకు నిజంగా పిస్తోలు అక్కర్లేదు. దాన్ని పేల్చే పని లేకుండానే పైకెగిరే రాకెట్ ఫ్లేర్ ఉంది. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం అది 300 మీటర్ల ఎత్తుకు వెళ్లి, చిన్న పారాచూట్‌కు వేలాడుతూ 40 సెకన్లు ఎర్రగా మండాలి. చేతిలో పట్టుకునే ఫ్లేరైతే ఒక నిమిషం. ఒకటి తారాజువ్వ, ఒకటి మతాబు అనుకోండి. పగటి పూటకు నారింజ రంగు పొగ. చేతి ఫ్లేర్ వెలిగించేటప్పుడు గాలి పోయే వైపు అంచున నిలబడి, చెయ్యి బయటికి చాచి వాలుగా పట్టుకోవాలి. లేకపోతే నిప్పు రవ్వలు వలల మీదో డీజిలు డబ్బా మీదో పడతాయి. మంటకేసి చూడకూడదు. ఓడో హెలికాప్టరో కంటికో చెవికో తగిలాకే వెలిగించాలి, ముందే తొందరపడితే ఆ 40 సెకన్లూ దండగ.

చూసేవాడు ఉంటేనే ఈ మంటలకు విలువ. 1977 నవంబరు 19న దివిసీమ, బాపట్ల తీరాలను తుపాను ఊడ్చేసినప్పుడు, వేలమందిని ఉప్పెన మింగినప్పుడు, ఎవరు వెలిగించి ఉంటే ఎవరు చూసేవారు? అందుకే ఇస్రో రూపొందించిన డిస్ట్రెస్ అలర్ట్ ట్రాన్స్‌మిటర్ మొదటి అవసరం. మీట నొక్కితే పడవ ఉన్న చోటు ఉపగ్రహం ద్వారా తీరరక్షక దళానికి చేరుతుంది. ఫ్లేర్ పాత్ర ఆ తర్వాతే మొదలవుతుంది. చోటు తెలిసి వచ్చినవాళ్లకు కూడా అలల మధ్య చిన్న ఫైబరు పడవ రాత్రిపూట కనబడదు.

ఫ్లేర్లకు గడువు సాధారణంగా మూడేళ్లు. తీరినవాటిని దీపావళికి సూర్యలంక ఇసుకలో కాల్చేద్దామనిపిస్తుంది. ఆపద లేకుండా ఆ సంకేతం వాడటాన్ని సముద్ర నియమాలు నిషేధించాయి. ఎర్ర వెలుగు చూసిన ఓడ దారి మార్చుకుని రావలసిందే మరి. పాతవాటిని ఏం చెయ్యాలో మెరైన్ పోలీసులను 1093లో అడిగి తేల్చుకోవడం మేలు. సముద్రంలో నిజమైన ఆపదకు తీరరక్షక దళం నంబరు 1554.