సైబర్ టవర్స్: బాలానగర్ కర్మాగారం నుండి మాదాపూర్ అద్దె అంతస్తు వరకు

1. ఉపోద్ఘాతం

హైదరాబాద్ ఆధునిక చరిత్రలో మాదాపూర్‌లోని సైబర్ టవర్స్‌ను సమాచార సాంకేతిక యుగానికి ఆరంభ చిహ్నంగా పేర్కొనడం పరిపాటి. చిహ్నంగా మాత్రమే చూసినప్పుడు ఆ భవనం సూచించే అసలు మార్పు మరుగున పడుతుంది. పరిశ్రమలో ప్రభుత్వం పోషించే పాత్ర, పనిచేసే చోటుకూ నివసించే చోటుకూ గల సంబంధం అనే రెండు అంశాలలో ఆ మార్పు కనిపిస్తుంది. కొద్ది కిలోమీటర్ల దూరంలోని బాలానగర్ పారిశ్రామిక వాడతో పోల్చినప్పుడు అది స్పష్టమవుతుంది.

2. బాలానగర్ నమూనా

1961లో ఏర్పడిన కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐ.డి.పి.ఎల్., సోవియట్ సహకారంతో బాలానగర్‌లో కృత్రిమ ఔషధాల కర్మాగారాన్ని నెలకొల్పింది. హిందుస్థాన్ ఏరోనాటిక్స్ విభాగం, కేంద్రీయ టూల్ డిజైన్ సంస్థ కూడా ఆ దశాబ్దంలోనే అక్కడ వెలిశాయి. ఇక్కడ ప్రభుత్వమే యజమాని, ఉత్పత్తిదారు, ఉద్యోగదాత. కర్మాగారంతోపాటు ఉద్యోగుల కాలనీ కూడా ఏర్పడింది. ఐ.డి.పి.ఎల్. కాలనీ అనే పేరు నేటికీ వాడుకలో ఉంది. 1990వ దశకానికి ఆ సంస్థ ఖాయిలా పడింది. అయినా అక్కడి అనుభవం వృథా కాలేదు. ఐ.డి.పి.ఎల్.లో పనిచేసిన అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ సంస్థను స్థాపించారు.

3. సైబర్ టవర్స్ నమూనా

ఆంధ్రప్రదేశ్ పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ, ఎల్ అండ్ టి కలిసి ఏర్పరచిన ఉమ్మడి సంస్థ సైబర్ టవర్స్‌ను నిర్మించింది. 1998 నవంబరు 22న ప్రధాని అటల్ బిహారీ వాజపేయి దీనిని ప్రారంభించారు. అప్పటి ముఖ్యమంత్రి నారా చంద్రబాబు నాయుడు. నాలుగు భాగాలుగా, వలయాకారంలో, మధ్య ఖాళీ ఆవరణతో పది అంతస్తులుగా ఇది రూపొందింది.

రూపం కన్నా వినియోగ విధానం ముఖ్యమైనది. ఏ ఒక్క సంస్థా తన కోసం కట్టుకున్న భవనం కాదిది. విద్యుత్తు, సమాచార సంబంధాలతో సిద్ధం చేసిన కార్యాలయ స్థలాన్ని పలు సంస్థలకు అందించడమే దీని ఉద్దేశం. భూమి కొని భవనం కట్టనవసరం లేకుండానే సంస్థ పని మొదలుపెట్టగలిగింది. మైక్రోసాఫ్ట్ అభివృద్ధి కేంద్రం ఇక్కడ ఆరంభమై, తరువాత గచ్చిబౌలిలోని సొంత ప్రాంగణానికి తరలింది. ప్రభుత్వం ఉత్పత్తిదారు స్థానం నుండి స్థలాన్ని సమకూర్చే భాగస్వామి స్థానానికి మారింది.

4. భవనం ముందు, నగరం తరువాత

బాలానగర్‌లో కర్మాగారం తన కాలనీని వెంట తెచ్చుకోగా, సైబర్ టవర్స్ కార్యాలయ స్థలాన్ని మాత్రమే ఇచ్చింది. సైబరాబాద్ అభివృద్ధి ప్రాధికార సంస్థ 2001లో ఏర్పడింది. హైటెక్ సిటీ మెట్రో స్టేషన్ 2019లో గాని ప్రారంభం కాలేదు. ఈలోగా వసతి భారం ఉద్యోగులపైనే పడింది. మాదాపూర్, కొండాపూర్‌లలోని ప్రైవేటు హాస్టళ్లు, అద్దె గదులు ఆ లోటును పూరించాయి. గృహనిర్మాణ మండలి కూకట్‌పల్లిలో కట్టిన కాలనీ కూడా ఎందరికో ఆశ్రయమైంది. ప్రభుత్వ నిర్మాణ యుగపు కాలనీయే కొత్త యుగపు ఉద్యోగులకు నీడనివ్వడం గమనార్హం.

5. ముగింపు

బాలానగర్ నమూనా ఉద్యోగ జీవితానికి స్థిరత్వాన్నిచ్చింది, కాని సంస్థ కుంగితే కాలనీ కూడా కుంగింది. సైబర్ టవర్స్ నమూనాలో సంస్థలు మారినా భవనం నిలిచింది, కాని ఉద్యోగి నివాసం ఎవరి బాధ్యతా కాకుండా పోయింది. అందువల్ల ఈ భవన చరిత్రను ప్రారంభోత్సవ శిలాఫలకంతో ముగించడం అసమగ్రం. చుట్టుపక్కల హాస్టళ్లు, అద్దె గదులు కూడా ఆ చరిత్రలో భాగమే.